మూడో టేకులో సారీ

పోయిన భాగంలో రాసిందంతా మళ్ళీ చెప్పే ఓపిక నాకు లేదు. చదవనివాళ్ళకి సరిపడా చెప్తాను. చదివినవాళ్ళు ఓ నాలుగైదు పేరాలు దాటేసుకోండి.

నా పేరు చిన్నారి. ముద్దుపేరు కాదు, రికార్డుల్లో ఉన్నదే అది. పుట్టినప్పుడు నర్సు పేరేమిటని అడిగితే మా అమ్మ రాజ్యానికి ఇంకేమీ తోచక ఆ ముక్క అనేసింది, ఆవిడ రాసేసుకుంది. విశాఖపట్నంలో ఎం.ఏ. రాజనీతి శాస్త్రం రెండో ఏడాది చదువుతున్నాను. రేపు పట్టా మీద కూడా చిన్నారి అనే అచ్చవుతుంది. మా ఊరు చోడవరం నుంచి బుచ్చయ్యపేట వెళ్ళే దారిలో ఉంది. జిల్లా మారి ఇన్నేళ్ళైనా ఆన్‌లైన్ అప్లికేషన్లలో మా ఊరు ఓసారి విశాఖలో ఉంటుంది, ఓసారి అనకాపల్లిలో ఉంటుంది. ఏది నొక్కినా తప్పే అంటుంది కంప్యూటరు.

రోజూ చోడవరంలో బస్సెక్కి వెళ్ళి, సాయంత్రం అలాగే వేలాడుతూ వస్తాను. ఆడవాళ్ళకి టికెట్టు తీసేశాక బస్సులో కొందరు మగవాళ్ళు మా వైపు చూసే చూపు మారింది. వాళ్ళ సొంత బండి మేమేదో అడిగి ఎక్కినట్టు చూస్తారు. పథకం మంచిదే, నేను కాదనను. నాలుగు బస్సులు కూడా పెంచితే ఇంకా మంచిది. నిలబడి నిలబడి ఒళ్ళు మండి ఇలాంటివన్నీ ఫోన్‌లో వాయిస్ మెసేజులుగా మాట్లాడేస్తుంటాను. ఫ్లెక్సీలు, గుంతలు, డీజేలు, హాజరు తీసుకుని పాఠం చెప్పని మేష్టర్లు, ఎవరినీ వదలను. క్లాసులో నా స్నేహితురాలు గ్లోరియా వింటుంది. మా అమ్మకీ ఒకటి పడేస్తాను, పని చేసుకుంటూ వింటుంది.

అమ్మ పని మా ఊరి బళ్ళో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వండటం. నేను ఆ బళ్ళో చదువుకునే రోజుల నుంచీ అదే పని. ఊళ్ళో ఆవిడని ఉట్టి రాజ్యం అని ఎవరూ అనరు, బడి రాజ్యం అంటారు. ఆ మాట అంటే అమ్మ తల కొంచెం పైకి లేస్తుంది. ఎవరు గెలిస్తే వాళ్ళు ఆ వంట పని తమవాళ్ళకి ఇప్పించుకోవాలని చూస్తారు. అమ్మ ఇన్నాళ్ళూ ఎవరి జెండా పట్టకుండా, ఎవరొచ్చినా నమస్కారం పెట్టి నెట్టుకొచ్చింది.

మా ఊరి సర్పంచి దుర్గాదేవి గారు. సర్పంచి పని చేసేది మాత్రం ఆవిడ భర్త గౌరీశంకర్. ఆయన పుట్టినరోజుకి బళ్ళో కేకు కోశారు. ఆయన వచ్చేదాకా పిల్లల చేతికి పువ్వులిచ్చి ఎండలో నిలబెట్టారు. ఆయన మాడుగులలో ఏదో ప్రారంభోత్సవం చూసుకుని వచ్చేసరికి మూడైంది. అమ్మ అన్నం దించి మూతలు పెట్టుకుని కూర్చుంది, ఆయన మనుషులు వడ్డించనివ్వలేదు. ఆ సాయంత్రం అమ్మ నాకు చెప్పింది. మర్నాడు బస్సులో నేను మాట్లాడాను. ఓటు లేనివాళ్ళని ఎండలో నిలబెట్టడానికి ఎవరికీ భయం ఉండదన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆ మెసేజు మండలమంతా తిరిగింది.

గ్లోరియా మేనమామ గౌరీశంకర్ వెంట తిరుగుతాడు కాబట్టి ఇది దాని పనేనని క్యాంటీన్‌లో అందరి ముందూ దాన్ని కడిగిపారేశాను. ఆ తర్వాత, నిన్న సాయంత్రం, గౌరీశంకర్ మనిషి హరిబాబు మా గుమ్మంలోకి వచ్చాడు. రేపు వచ్చి సారీ వీడియో చెయ్యాలి, లేకపోతే బళ్ళో మీ అమ్మ వంట సంగతి ఆలోచించాల్సి వస్తుందని చెప్పి వెళ్ళాడు. అమ్మ లోపల బియ్యం ఏరుతూ విన్నది.

ఇదీ కథ. ఇంక ఇవాళ్టికి రండి.

*

పొద్దున్న కాలేజీకి వెళ్తున్నానని అమ్మకి చెప్పి బయల్దేరాను. అమ్మ నా వైపు చూడకుండానే, "నాను బడికెల్తన్నాను, మరి జాగర్త" అంది. షేర్ ఆటోలో చోడవరంలో దిగి గౌరీశంకర్ ఇంటికి నడిచాను. మా ఊరి సర్పంచి ఇల్లు మా ఊళ్ళో లేదు. రెండంతస్తులది చోడవరంలో కట్టుకున్నారు. ఊళ్ళో కుళాయి పాడైతే చెప్పుకోడానికి ఆటో ఎక్కాలి. నా ఎం.ఏ. ప్రాజెక్టు పేరు గ్రామ పాలనలో మహిళల భాగస్వామ్యం. మీరు నవ్వుకోండి, నాకు ఆ ఓపిక కూడా లేదు.

సారీ వీడియో అనేది ఈమధ్య మా వైపు ఒక ఆచారమైపోయింది. ఫోన్‌లో నాయకుణ్ణి ఏదైనా అన్నవాడు రెండు రోజులు తిరిగేలోపు ఆయన ఇంటి గోడ ముందు నిలబడి, చేతులు కట్టుకుని, తప్పైపోయిందని చెప్తాడు. తిట్టు విన్న గ్రూపుల్లోనే సారీ కూడా తిరుగుతుంది. మొదట్లో జనం జాలిపడేవారు. ఇప్పుడు పెళ్ళి వీడియో చూసినట్టు, చొక్కా బాగుందా, గొంతు బాగుందా అని చూస్తున్నారు. రాజనీతి శాస్త్రంలో ఇంకా సిలబస్‌లో పెట్టలేదు, పెడతారు.

గౌరీశంకర్ వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా, కళ్ళ కింద నిద్రలేని మచ్చలు. నేను అరుస్తాడనుకున్నాను. అరిస్తే నాక్కూడా సులువుగా ఉండేది.

"రామ్మా, కూకో" అన్నాడు. "సదువుకున్న పిల్లవి. నా మీద కోపముంటే నా దగ్గరకొచ్చి మాటాడాల. ఫోన్లో మాటాడితే ఎలాగ తల్లీ?"

"మీ దగ్గరకొచ్చి చెప్తే వినేవారా అండీ?"

"వింటానో లేదో తర్వాత మాట. నువ్వొచ్చేవా? రాలేదు గదా." ఆయన మొహం తుడుచుకున్నాడు. "నాకేటి ఇది సరదానా అమ్మా? పైనుంచి ఫోన్లు. నీ ఊరి ఆడగుంటే నిన్ను అలాగంటే నీకు ఊళ్ళో పట్టేటున్నాదని అడుగుతన్నారు. ఎలచ్చన్లొస్తన్నాయి. మా ఇంటిదాని సీటుకి మా తమ్ముడే అడ్డమొస్తన్నాడు. నా బాద నాది."

నిజం చెప్తున్నాను, ఒక్క క్షణం ఆయన మీద జాలి వేసింది. మరుక్షణం ఆ జాలి మీద చిరాకేసింది. ఎండలో నిలబడ్డ పిల్లలకి పైనుంచి ఫోన్లు రావు కదా.

హరిబాబు ఫోన్ పట్టుకుని వచ్చాడు. వీడు బళ్ళో నాకన్నా రెండు తరగతులు ముందు చదివాడు. డిగ్రీ అయ్యాక పని దొరక్క ఆయన వెంట చేరాడు. నన్ను గోడ ముందు నిలబెట్టి, "కొంచెం ఇటు. ఎనకాల అన్న ఫొటో పడాల" అన్నాడు. తర్వాత, "సున్నీ సరిగ్గా యేసుకో సిన్నారీ. నవ్వకు. మరీ ఏడుపు మొహం కూడా ఎట్టకు, మేం కొట్టేమనుకుంటారు" అన్నాడు.

"ఏ మొహం పెట్టమంటావు మరి?"

"మామూలుగా ఉండు. నీ పేరు ముందు సెప్పు. సిన్నారి అంటే జనానికి జాలేస్తాది, అది మనకి మంచిదే."

మొదటి టేకులో నేను సొంతంగా చెప్పాను. నా మాటల వల్ల ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే మన్నించాలని కోరుతున్నానన్నాను. కుర్చీలోంచి గౌరీశంకర్ గట్టిగా నవ్వేశాడు.

"అది మేం సెప్పే సారీ అమ్మా. నువ్వలాగ సెప్పకూడదు. హరీ, టైపు చేసింది దానికి సూపించు."

హరిబాబు రెండో ఫోన్ నా ముందు పెట్టాడు. చదివాను. పిల్లల్ని ఎండలో నిలబెట్టారన్నది అబద్ధం, భోజనం వేళకే పెట్టారు, ఎవరో చెప్పిన మాట నమ్మి తెలియక అన్నాను, పెద్దలు గౌరీశంకర్ గారు పెద్ద మనసుతో క్షమించాలి. అంతే. ఆ 'ఎవరో' ఎవరో ఊరందరికీ తెలుసు. బళ్ళో గంజి వార్చే గది దగ్గర ఆ రోజు కూర్చున్నది మా అమ్మ ఒక్కతే.

"ఈ అబద్ధం అన్న ముక్క వద్దండీ" అన్నాను. "అలా మాట్లాడకుండా ఉండాల్సింది అంటాను. చాలదా?"

"ముందు ఓసారి సదివి సూడమ్మా, నోటికి తిరుగుతాది" అన్నాడాయన.

రెండో టేకు మొదలుపెట్టగానే వీధిలో పాత సామాన్ల ఆటో వచ్చి గేటు దగ్గరే ఆగింది. పాడైపోయిన ఫ్యాన్లు కొంటాం, మిక్సీలు కొంటాం, విరిగిపోయిన కుర్చీలు కొంటాం అని మైకులో అదే రికార్డు అదే పనిగా. మామూలు రోజైతే ఈ మైకు మీద నేనొక మెసేజు పెట్టేదాన్ని. ఇవాళ మాత్రం వాడు అక్కడే సాయంత్రందాకా ఉండిపోతే బాగుండుననిపించింది. హరిబాబు తిట్టుకుంటూ వాణ్ణి పంపెయ్యడానికి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే గౌరీశంకర్ ఫోన్ మోగింది. ఆయన నన్నొకసారి చూసి, లేచి పెరటి వైపు వెళ్ళాడు. "ఎప్పుడు?... అలాగా... ఇప్పుడే ఎవులికీ సెప్పకండి" అనడం వినబడింది. ఏదో రాజకీయం అనుకున్నాను.

దుర్గాదేవి గారు టీ తెచ్చి నా చేతికిచ్చారు. నీడలోకి జరగమని చెయ్యి పట్టి లాగారు. ఆవిడ మా ఊరి సర్పంచి. ఆవిడ గొంతు నేను అంత దగ్గరగా వినడం అదే మొదలు.

"బాగా మాటాడేవే" అన్నారు మెల్లగా. "రొండుసార్లు ఇన్నాను. ఓటు లేనోళ్ళన్నావు సూడు, ఆ ముక్క కాడ మా వొంటావిడ కూడా ఆగిపోనాది."

"మీకెలా వచ్చింది పిన్నీ?"

"మీ అమ్మే ఎట్టింది గదా, డ్వాక్రా గ్రూపులో."

"మా అమ్మ పెట్టిందా?"

"మరెవులెడతారు? రోజూ ఎడతాది. మా గుంట మాటాడింది ఇనండి అని పువ్వుల బొమ్మెట్టి మరీ ఎడతాది. బస్సు గురించి మాటాడింది ఇన్నాం. డీజే గురించి మాటాడిందైతే మా ఆడోళ్ళందరూ పడి పడి నవ్వేరు. నీకు తెల్దేటి?"

నాకు తెలియదు. నేను బస్సులో ఒంటికాలి మీద నిలబడి, ఎవరికీ వినబడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుకున్నదంతా రోజూ మా ఊరి ఆడవాళ్ళు కూరగాయలు తరుగుతూ విన్నారన్నమాట. మా అమ్మ పువ్వుల బొమ్మ కూడా పెట్టింది. ఓలమ్మో! నాకు ముందు సిగ్గేసింది. ఆ వెంటనే గ్లోరియా మొహం గుర్తొచ్చింది. క్యాంటీన్‌లో అది సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

"మరి గౌరీశంకర్ గారికి ఎవరు పంపారు పిన్నీ?"

ఆవిడ నా వైపు చూడలేదు. "ఆయనకెవులూ పంపక్కర్లేదు గదమ్మా. నేనూ ఆ గ్రూపులోనే ఉన్నాను. నా ఫోను రోజూ ఆయన సూస్తాడు" అని ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

గౌరీశంకర్ తిరిగొచ్చి కూర్చున్నాడు. నేను మళ్ళీ అడిగాను. "అబద్ధం అనకుండా సారీ చెప్తానండీ."

"అబద్దమనకపోతే నిజమనే గదమ్మా అర్తం. ఎమ్మే సదూతన్నావు, నేను సెప్పాలా నీకు? మీ అమ్మకి ఆ వొంట పనుండాలా వద్దా?"

"ఉండాలి."

"మరింకేటి?"

"వీడియో పెట్టాక అమ్మ జోలికి ఎవరూ రారని మాటివ్వండి."

"నా మాటే" అన్నాడు. ఫోన్ చొక్కా జేబులో పెట్టుకుని బొత్తాం సర్దుకున్నాడు. "గౌరీశంకర్ మాటంటే మాటే. ఊళ్ళో ఎవుల్నైనా అడుగు."

అమ్మ ఇప్పుడు బళ్ళో పొయ్యి దగ్గర ఉండుంటుందని అనుకున్నాను. చెమట కారుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ, పప్పులో గరిటె తిప్పుతూ, ఒకటో తరగతి పిల్లలు కిటికీలోంచి ఏం కూరని అడుగుతుంటే కసురుతూ ఉండుంటుంది. ఆ పని పోతే అమ్మ ఏమైపోతుందో నాకు తెలుసు. మా నాన్న దాసు చెరకు పనులకి రావికమతం వైపు పోతే వారాలు రాడు. నేను పొద్దున్న పోతే రాత్రికి వస్తాను. అమ్మకి పొద్దున్నే తల దువ్వుకుని వెళ్ళడానికి ఒక చోటుందంటే అదొక్కటే.

గోడ ముందు నిలబడ్డాను. మూడో టేకులో మొత్తం చెప్పేశాను. అబద్ధం అన్నాను. భోజనం వేళకే పెట్టారన్నాను. ఎవరో చెప్పిన మాట అన్నచోట గొంతు పట్టేసింది, అయినా ఆపలేదు. "గొంతలా పట్టడం బాగుంది, న్యాచురల్‌గా ఉన్నాది" అన్నాడు హరిబాబు. నేను చెప్పులు వేసుకునేలోపే నా ఫోన్ మోగడం మొదలైంది. ఒకదాని వెనక ఒకటి, నా మొహమే నాకు వస్తోంది.

*

అమ్మకి ఇది నా నోటితో చెప్పాలి, ఎవరి ఫోన్‌లోనో చూడకూడదు అనుకుని తిన్నగా ఆటో పట్టుకుని బడికి వెళ్ళాను. అప్పుడే అన్నం గంట కొట్టారు. పిల్లలు పళ్ళాలు పట్టుకుని వరసలో ఉన్నారు. వడ్డిస్తున్నది అమ్మ కాదు. పక్కనున్న అంగన్‌వాడీలో ఆయా. సాంబారు ఎవరికి ఎంత పొయ్యాలో తెలియక పళ్ళాల మీద ఒంపుకుంటోంది.

"అమ్మేదండీ?" అని హెడ్‌మాస్టరు గారిని అడిగాను.

ఆయన నన్ను పక్కకి తీసుకెళ్ళాడు. "నీకు చెప్పలేదామ్మా? పొద్దున్న బడి తియ్యగానే వచ్చి వంటగది తాళాలు నా టేబుల్ మీద పెట్టేసింది. నేను ఎంత చెప్పినా వినలేదు. ఈ తాళాల కోసం మా పిల్ల ఎవుడి ముందూ సేతులు కట్టుకోకూడదు మేస్టారూ అంది. అంతే, వెళ్ళిపోయింది."

వరసలో ఒక పిల్ల రాజ్యం మామ్మ రాలేదేమని ఎవరినో అడుగుతోంది.

"గౌరీశంకర్ గారికి తెలుసా అండీ?"

"తెలుసమ్మా. చెప్పకపోతే నా మీద పడతాడని నేనే ఫోన్ చేశాను. ఇప్పుడే ఎవరికీ చెప్పొద్దు, రేపటి నుంచి మా మనిషిని పంపుతానన్నాడు."

ఆ ఫోన్ నా ముందే వచ్చింది. ఆయన పెరట్లోకి వెళ్ళాడు, నేను టీ తాగాను. అమ్మ పని లేదని తెలిసి, తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని, అమ్మ పని ఉంచుతానని నాకు మాటిచ్చాడు. ఇన్నేళ్ళు రాజకీయం చదివాను. అధికారం నిర్వచనాలు పరీక్షల్లో పేజీలు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇంత తేలిగ్గా మోసపోయాను. కోపం రావాలి, వచ్చింది కూడా. బడి మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయాను.

*

అమ్మ ఇంటి అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. చేతిలో ఏ పనీ లేదు. బడి ఉన్న రోజు ఈ వేళప్పుడు అమ్మని ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. పక్కన ఫోన్ ఉంది.

"విన్నావా?" అన్నాను.

"అందరూ ఎట్టేరు. ఎవుల్నని ఆపను." ఫోన్ బోర్లా పెట్టి అంది. "కాలేజీకెల్తన్నానన్నావు."

"నువ్వు బడికెళ్తన్నానన్నావు."

అమ్మ నవ్వబోయి మానేసింది. "ఎవరో సెప్పేరన్నావు సూడు. ఆ ఎవురో నానే గదే."

"అవునమ్మా" అన్నాను. అంతవరకూ ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. అరుగు కింద కూలబడి అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. "నీ పని కోసమే అన్నానమ్మా. నిన్ను అబద్ధాలకోరుని చేసేసేను."

"తెల్సు. ఊరుకో. ఊరుకోమంతన్నానా." నా జుట్టు వెనక్కి తోసింది. ఆ చేతికి ఇంకా పొగ వాసనే.

"తాళాలెందుకిచ్చేసేవు? నాకో మాట చెప్పొద్దూ?"

"సెప్తే ఇవ్వనిస్తావేటి? నువ్వు సెప్పుంటే నాను నిన్నెల్లనిద్దునా? ఇద్దరమూ ఒకలాటోళ్ళమే, ఏటి సేస్తాం."

మొహం తుడుచుకుని లేచి కూర్చున్నాను. "నా మెసేజులన్నీ డ్వాక్రా గ్రూపులో పెడతన్నావంట."

అమ్మ మొహం ఒక్కసారిగా చిన్నబోయింది. చెంగు కొస పట్టుకుని మడత పెట్టింది, విప్పింది. "మంచిగా మాటాడతావు గదా. నాకా మాటలు రావు. ఆ రోజు పిల్లలలాగ నిలబడుంటే నా కడుపు తరుక్కుపోనాది. గిన్నె మీద మూత సూస్తా కూకున్నాను గాని ఒక్క ముక్క అనలేకపోనాను. నువ్వు మాటాడింది ఇన్నాక నానే మాటాడినట్టు అనిపించింది. అందరికీ ఇనిపించాలనిపించింది. ఇంత దూరమొస్తాదనుకోనేదు."

"గ్లోరియానే పంపిందని దాన్ని అందరిముందూ తిట్టేనమ్మా."

"మరి దానికి సెప్పు సారీ. దానికైతే సెప్పాల."

అప్పుడే మెసేజు పెట్టి చెప్పాను. గ్లోరియా చూసింది, జవాబివ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం.

తర్వాత ఆ ఫోన్ సంగతి అమ్మకి చెప్పాను. హెడ్‌మాస్టరు చెప్పింది, గౌరీశంకర్ పెరట్లోకి వెళ్ళింది, తిరిగొచ్చి నాకు మాటిచ్చింది, మొత్తం. అంతా అయ్యాక, "తెల్సీ సెప్పించేడా నీసేత?" అని అడిగింది.

"తెలిసే."

"తాళాలిచ్చేసేనని తెల్సీ?"

"తెలిసే అమ్మా."

అమ్మ లేచింది. తొట్టి దగ్గరకెళ్ళి మొహం మీద నీళ్ళు కొట్టుకుని చెంగుతో తుడుచుకుంది. నేను అన్నం తింటుందేమో అనుకున్నాను. వచ్చి మా ఇంటి గోడకి ఆనుకుని నిలబడింది. సున్నం వెలిసిన ఉట్టి గోడ, దాని మీద ఎవరి ఫొటో లేదు.

"పట్టు ఫోను" అంది.

"ఎందుకు?"

"నా పని పోనాది. నీ సారీ అయిపోనాది. ఇంక మన కాడ ఆళ్ళు పట్టుకుపోడానికి ఏటున్నాది? పట్టు."

నాకు నిజంగా ఓపిక లేదు. ఎవరి మీదా ఏ అభిప్రాయమూ లేకుండా ఒక వారం పడుకోవాలని ఉంది. "ఏదో ఒకటి ఉంటుందమ్మా వాళ్ళకి. నాన్న పనిమీద పడతారు. రేషన్ కార్డుమీద పడతారు. రేపు మాట్లాడుకుందాం."

"రేపటికి నాకు బయమేస్తాదే" అంది అమ్మ. "ఇన్నాళ్ళూ ఆ పిల్లలకి అన్నమెట్టడానికి అందరికీ తలొంచేను. ఇప్పుడా అన్నమే నా సేతిలో లేదు. ఇయ్యేల మాటాడకపోతే ఇంకెప్పుడూ మాటాడలేను. నొక్కుతావా, పక్కింటోళ్ళని పిలవనా?"

ఫోన్ తీశాను. అమ్మ కాళ్ళు సర్దుకుంది. చేతులు ముందుకి కట్టుకోబోయి, మళ్ళీ విప్పేసి పక్కకి వేలాడదీసింది. వాటినేం చెయ్యాలో తెలియడం లేదు.

"పేరు సెప్పాలా ముందు?"

"చెప్పాలి."

"నొక్కేవా?"

"నొక్కేను."

అమ్మ తిన్నగా నా వైపు చూసింది.

"నా పేరు రాజ్యం. ఆ రోజు బళ్ళో అన్నం వొండింది నానే. పిల్లలు ఎండలో నిలబడుంటే మూతలెట్టుకుని సూస్తా కూకున్నదీ నానే. పొద్దున్న నా కూతురు మీ అందరికీ అబద్దం సెప్పింది. దానిసేత అది ఎవులు సెప్పించేరో, ఎలాగ సెప్పించేరో నాను సెప్తాను, ఇనండి."